ముళ్ళపంది పంపిన సంతాపం

పై మానకపోతే పైకి పోతావని డాక్టరుగారు నాతో చెప్పినప్పుడు మా ఆవిడ పక్కన లేకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు. నేనొక్కణ్ణే విని, నేనొక్కణ్ణే మరిచిపోయేవాణ్ణి. కానీ నోరీన్ పక్కనే కూర్చుంది. పైగా చేతిసంచీలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంది.

"వారానికి ఎన్ని తింటారు?" అని అడిగాడు డాక్టరు.

"ఒకటో, రెండో," అన్నాను.

"రోజుకి," అంది నోరీన్, పుస్తకంలోంచి తలెత్తకుండా.

పిండి డొప్పలో మిరియాలు దట్టించిన మాంసం కూరి, ఎర్రగా కాల్చి, పక్కన మెత్తగా నలిపిన బఠాణీలు వేసిచ్చే వేడి వేడి పై గురించి మాట్లాడుతున్నాం మేం. మా షిప్లీలో పుట్టినవాడికి అది తిండి కాదు, బంధుత్వం. డాక్టరు లండన్ నుంచి వచ్చినవాడు, ఆయనకేం తెలుస్తుంది! పై బంద్, రోజూ రెండు గంటలు కాలువ గట్టున నడక, అని తీర్పు చెప్పేశాడు.

వారంలో ఆరు రోజులు నోరీన్ నా వెంట నడిచేది. వెంట అంటే ముందు. నేను వెనకాల ఈల వేసుకుంటూ, నిట్టూరుస్తూ. మంగళవారాలు మాత్రం ఆవిడ మా వీధి చివరి లైబ్రరీలో పిల్లలకి కథలు చదివి వినిపిస్తుంది. ముప్ఫై ఏళ్ళు అక్కడే పని చేసి, రిటైరయ్యాక కూడా ఆ కుర్చీ వదల్లేదు. కాబట్టి మంగళవారం నాకు స్వాతంత్ర్య దినం.

"నడకకి కారెందుకు?" అంది మొదటి మంగళవారం, నేను తాళాలు తీస్తుంటే.

"కాలువ దాకా వెళ్ళాలిగా, నడవడానికి."

నోరీన్ ఒక్క క్షణం నన్ను చూసి, ఏమీ అనలేదు. నలభై ఏళ్ళ కాపురంలో నేను నేర్చుకోని పాఠం ఒకటే, ఆవిడ ఏమీ అననప్పుడు భయపడాలని.

కాలువ పక్కన తివాచీల దుకాణం ఉంది. దాని వెనక కారు నిలిపే ఖాళీస్థలం. ఎదురుగా డోరా పైల కొట్టు. ఇంతకంటే దేవుడు మాత్రం ఏం ఏర్పాటు చేస్తాడు? కారు అక్కడ పెట్టి, రెండు పైలు తెచ్చుకుని, కారులోనే కూర్చుని పేపరు చదువుకుంటూ రెండు గంటలు గడిపేవాణ్ణి. ఇంటికి బయల్దేరే ముందు బూట్లకి కాస్త బురద పూసుకునేవాణ్ణి. నుదుటి మీద కాలువ నీళ్ళు చిలకరించుకునేవాణ్ణి, చెమటలా ఉండేందుకు.

"బాగా నడిచావా, సిరిల్?" అనేది నోరీన్.

"కాళ్ళు పడిపోయాయనుకో."

"బరువు తగ్గడం లేదే?"

"కండ పట్టింది."

ఇలా ఆరు మంగళవారాలు గడిచాయి. ఏడో వారం ఉత్తరం వచ్చింది.

ఉత్తరం తల మీద టోపీ పెట్టుకున్న ముళ్ళపంది బొమ్మ. ఆ పార్కింగ్ కంపెనీకి పొడుగాటి పేరేదో ఉంది గానీ ఊళ్ళో అందరూ ముళ్ళపంది కంపెనీ అనే అంటారు. స్తంభం మీద కెమెరా పెట్టి, వచ్చిన బండినీ పోయిన బండినీ ఫోటో తీసి, ఎక్కువసేపు నిలిపితే ఇంటికి జరిమానా చీటీ పంపడం వాళ్ళ పని. బండి నంబరు చెబితే చాలు, రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్ళు యజమాని పేరూ చిరునామా ఇచ్చేస్తారు. మా కారు యజమాని నోరీన్. నా పేరు మీద ఉన్నవి రెండే, ఒక గొడుగు, ఒక రక్తపోటు.

"శ్రీమతి నోరీన్ బాటమ్లీ గారికి," అని మొదలైంది ఉత్తరం. "మీరు గంటకి మించి కారు నిలిపినందుకు వంద పౌన్లు చెల్లించవలెను. సాక్ష్యంగా ఫోటో జతపరిచాము. ఇందులో మీరు స్పష్టంగా కనబడుతున్నారు."

ఫోటోలో నేను కనబడుతున్నాను. నోటినిండా పై. మీసాల మీద బఠాణీ.

మర్యాదగా జరిమానా కట్టేసి ఊరుకునేవాడు తెలివైనవాడు. నేను ఉత్తరాన్ని పక్షుల గింజల డబ్బాలో దాచి, నోరీన్ పేరుతో జవాబు రాయడానికి కూర్చున్నాను. అభ్యంతరం ఉంటే రాయవచ్చని వాళ్ళే అన్నారు కదా. కారులో ఉన్నది మగమనిషి కాదు, నోరీనే అని వాళ్ళు నమ్మారు. ఆ నమ్మకాన్నే గట్టి చేద్దామనుకున్నాను.

"అయ్యా, ఆ సమయంలో మా ఆయన లేరు. నేను ఒంటరిగా ఉన్నాను. మనసు బాగోక కాలువ వైపు చూస్తూ కూర్చుండిపోయాను. దయతలచండి. ఇట్లు, నోరీన్ బాటమ్లీ."

ఆయన కారులో లేరు అని నా భావం. పది రోజుల్లో జవాబు వచ్చింది. కింద ట్రెవర్ స్నోడ్‌గ్రాస్, మేనేజరు, అని సంతకం.

"మీ శ్రీవారి మరణవార్త మమ్మల్ని ఎంతో కలచివేసింది. మా సంస్థ తరఫున ప్రగాఢ సంతాపం. జరిమానా మాత్రం నూట డెబ్భై అయింది."

అలా ఒక బుధవారం ఉదయం, వంటింట్లో, చేతిలో టీకప్పుతో, నేను పోయిన సంగతి నాకు తెలిసింది.

సరే, పోతే పోయాననుకున్నాను. ఆ ఉత్తరం కూడా గింజల డబ్బాలోకి వెళ్ళింది. కానీ మర్నాటి నుంచి మా ఇంటికి వచ్చిన టపా చూడాలి మీరు! శవపేటికల కంపెనీ వాళ్ళ రంగురంగుల పుస్తకం. ఒంటరి మహిళలకి ఓడ ప్రయాణాలు. భర్త పోయినవారికి పిల్లుల మీద తగ్గింపు ధర. ఫోన్ మోగితే ఎవరో తీయని గొంతు, "మీ తీరని లోటు గురించి విన్నాం, చలి రాకుండా కిటికీలకి రెండో అద్దం వేయించుకుంటారా?" అంటుంది. నేను గొంతు సన్నం చేసుకుని, "ఇప్పుడు కాదండీ, ఏడుస్తున్నాను," అని పెట్టేసేవాణ్ణి.

పక్షుల డబ్బాలో గింజలకి చోటు లేకుండా పోయింది. పక్షులు కూడా మా ఇంటికి రావడం మానేశాయి.

ఇలా ఉండగా ఒక మంగళవారం, నేను బూట్లకి లేసులు కట్టుకుంటుంటే తలుపు కొట్టారు. తీస్తే నల్లకోటు మనిషి. చేతిలో బరువైన పెట్టె.

"గ్రేవ్స్ అండి. సమాధి రాళ్ళ వ్యాపారం. నోరీన్ బాటమ్లీ గారు ఉన్నారా?"

"లైబ్రరీకి వెళ్ళింది."

"పాపం, ఇంత దుఃఖంలోనూ చదువు! తమరు?"

నేను భర్తనంటే ఈయన వెళ్ళి ముళ్ళపందికి చెబుతాడు. చెబితే నా ఉత్తరం అబద్ధమవుతుంది. బుర్ర గిర్రున తిరిగింది.

"ఆయన తమ్ముణ్ణి," అన్నాను. "సిడ్నీ."

"ఇంట్లోవాళ్ళు దొరకడం మా అదృష్టం," అంటూ లోపలికొచ్చేసి, పెట్టె తెరిచి, వంటింటి బల్ల మీద రాతి ముక్కలు పరిచాడు. నలుపు, బూడిద, గులాబీ. "అన్నయ్యగారు ఎంత పొడుగుండేవారు?"

"నా అంతే."

"లావు?"

"నాకంటే చాలా సన్నం," అన్నాను. పోయినవాడి గురించి మంచే చెప్పాలి కదా.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. లైబ్రరీలో బాయిలరు పాడై, కథలు మానేసి పిల్లల్ని ఇళ్ళకి పంపేశారట. నోరీన్ గొడుగు విదిలించుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

గ్రేవ్స్ లేచి, టోపీ గుండెలకి ఆనించుకున్నాడు. "అమ్మా, మీ వారి సంగతి తెలిసి చాలా బాధపడ్డాం. మీ మరిది సిడ్నీగారు నల్లరాయి బాగుందంటున్నారు."

నోరీన్ రాయి వైపు చూసింది. నా వైపు చూసింది. గొడుగు ముడిచి మూలన పెట్టింది.

"మా మరిదికి రాళ్ళ గురించి ఏం తెలుసండీ! చౌకది చూపించండి."

"ఎలా పోయారమ్మా?"

"నడుస్తూ," అంది నోరీన్, జేబురుమాలు కళ్ళకి అద్దుకుంటూ. "కాలువ గట్టున. ప్రతి మంగళవారం రెండు గంటలు నడిచేవారు. ఎంత నిజాయితీగా నడిచేవారో! చెమట కూడా కాలువ వాసన వచ్చేది."

నేను గులాబీ రాయిని తీసి తిప్పి తిప్పి చూశాను.

"మహానుభావులు," అన్నాడు గ్రేవ్స్. "రాయి మీద ఏం రాయమంటారు?"

"'ఇక్కడ నిద్రిస్తున్నవాడు సిరిల్. దగ్గర్లో పై తినవద్దు, లేచి వస్తాడు' అని రాయండి."

"అక్షరాలు ఎక్కువవుతాయమ్మా."

"అయితే 'సిరిల్. అబద్ధాలకోరు.' అని రాయండి. సరిపోతుంది. ఏం సిడ్నీ, మీ అన్నకి సరిపోతుందా?"

"సరిపోతుంది, వదినా," అన్నాను, బల్లకేసి చూస్తూ.

గ్రేవ్స్ వెళ్ళిపోయాక నోరీన్ చేతిసంచీలోంచి లావుపాటి కవరు తీసి, రాళ్ళు ఉన్న చోట పెట్టింది. తెరిచి చూశాను. పద్నాలుగు ఫోటోలు. అన్నిట్లోనూ నేను. అన్నిట్లోనూ పై. కింద నేను రాసిన ఉత్తరం నకలు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"ఐదు వారాలు. పోస్టు తెచ్చే ఆవిడ అడిగింది, ముళ్ళపంది నుంచి అన్ని ఉత్తరాలు వస్తున్నాయి, అంతా బాగేనా నోరీన్, అని. నాకు రాని నా ఉత్తరాలేమిటా అనుకున్నాను. నా చిరునామా ఎవరెవరు అడిగారో చెప్పమని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి రాశాను. నా గురించి మీ దగ్గర ఏమున్నాయో అన్నీ పంపమని ముళ్ళపందికి రాశాను. అడిగితే నెల రోజుల్లో ఇవ్వాలి. చట్టం ఉంది."

చూశారా! మనుషుల రహస్యాలు కాపాడ్డానికి చేసిన చట్టం, నా రహస్యాలన్నీ కట్ట కట్టి మా ఆవిడ చేతిలో పెట్టింది.

"అంటే ఈ ఐదు వారాలూ నాకు ఉడకబెట్టిన క్యాబేజీ పెట్టింది..."

"తెలిసే. ఏం, నీకు కండ పట్టాలి కదా!"

క్షమించమని అడిగాను. కుర్చీలోంచి కిందికి జారి మోకాళ్ళ మీద అడగబోయాను గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు. నోరీన్ చెయ్యి ఊపి ఆపేసింది.

"నీ పైల లెక్క తర్వాత చూద్దాం. ఇది చూడు."

కట్ట అడుగున ఒక కాగితం. ముళ్ళపంది కంపెనీ మా చిరునామా ఎవరెవరికి ఇచ్చిందో వాళ్ళే రాసిచ్చారు. శవపేటికలు, ఓడలు, పిల్లులు, కిటికీలు, రాళ్ళు... మొత్తం ఏడుగురు. పక్కనే ఒక గడిలో "భర్త మరణించారు, ఒంటరి మహిళ" అని ఉంది.

"కారు నడపాలంటే చిరునామా ఇవ్వాలన్నారు, ప్రభుత్వానికి ఇచ్చాను," అంది నోరీన్. గొంతులో హాస్యం పోయింది. "ఇవ్వక తప్పదు గనక ఇచ్చాను. వాళ్ళు ముళ్ళపందికిచ్చారు. ముళ్ళపంది ఊరందరికీ పంచింది. ఈ ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటోంది అని ఏడుగురు పరాయివాళ్ళకి చెప్పింది, సిరిల్. ఎనిమిదోవాడు దొంగయితే?"

అంతలో పెరటి తలుపు దగ్గర రొవీనా కనబడింది.

రొవీనా మా పక్కింట్లో అద్దెకుంటుంది. ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసే నర్సు. వసంతంలో వచ్చింది. నవ్వుతుంది, పలకరిస్తుంది, తన గురించి మాత్రం ఏమీ చెప్పదు. ఆ రోజు ఆ పిల్ల చేతిలో ఒక పూలగుత్తి ఉంది. చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుంది.

"నోరీన్ గారూ, కాసేపు కూర్చోనా ఇక్కడ?"

నోరీన్ పూలు తీసుకుంది. లోపల చిన్న కార్డు. దాని మీద ఒకే ఒక్క మాట, "దొరికావు."

టీ తాగుతూ రొవీనా కొంచెం కొంచెంగా చెప్పింది. భర్త డెరిక్ కొట్టేవాడు. విడాకులయ్యాక కూడా వెతుక్కుంటూ వచ్చేవాడు. రెండు ఊళ్ళు మారింది. ఇక్కడి చిరునామా తెలిసింది వాళ్ళమ్మకి, పనిచేసే ఆసుపత్రికి, కారు కోసం రిజిస్ట్రేషన్ ఆఫీసుకి, అంతే.

"తివాచీల దుకాణం వెనక ఎప్పుడైనా కారు పెట్టావా?" అంది నోరీన్.

"ఒకసారి. రోగి ఇల్లు అటువైపే. ముళ్ళపంది ఉత్తరం వస్తే కట్టేశాను." ఆగింది. కప్పు కింద పెట్టింది. "డెరిక్ స్నేహితుడొకడు... పార్కింగ్ కంపెనీలో పని చేస్తాడు. నా కారు నంబరు డెరిక్‌కి తెలుసు."

అంతవరకూ నాకు ఇదంతా పైల గొడవే. ఆ పిల్ల ఆ కార్డుని బోర్లా తిప్పిపెట్టడం చూశాక, బూట్లకి బురద పూసుకున్నది నేనేనా అని సిగ్గేసింది.

నోరీన్ చిన్న పుస్తకం తీసింది. కొత్త పేజీ తిప్పింది.

"ఆ స్నేహితుడి పేరు చెప్పమ్మా. నీ కారు నంబరు కూడా. ముందు పోలీసులకి ఫోన్ చేద్దాం. తర్వాత ఉత్తరాలు రాద్దాం."

"నేనేం చెయ్యను?" అన్నాను.

"నువ్వు వాకిట్లో కూర్చో. నిన్ను చూస్తే ఎవరూ భయపడరు గానీ, మనిషున్నాడని తెలుస్తుంది."

కూర్చున్నాను. నాలుగు వారాలు, పొద్దుటి నుంచి పొద్దుగూకే వరకూ, రెండిళ్ళకీ మధ్య గట్టు మీద, ఒళ్ళో క్రికెట్ బ్యాటుతో. వాన వస్తే నా పేరు మీదున్న గొడుగు. ఒక ఆదివారం మధ్యాహ్నం నీలం కారొకటి నెమ్మదించి రొవీనా గుమ్మం ముందు ఆగబోయింది. నేను లేచి నిలబడ్డాను. బ్యాటు ఎత్తి, "ఎవరు కావాలి?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కారు వెళ్ళిపోయింది. లోపలికొచ్చి నంబరు చెబితే నోరీన్ రాసుకుంది. నా భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసింది. ఆ రోజు క్యాబేజీ పక్కన ఉడికించిన గుడ్డు కూడా కనిపించింది.

ఆ వారమే రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి రొవీనాకి జవాబు వచ్చింది. ముళ్ళపంది ఆమె చిరునామా రెండుసార్లు అడిగింది. మొదటిది ఆమె జరిమానా కట్టిన ఆ ఒక్కసారికి. రెండోది జూన్ తొమ్మిదిన తివాచీల దుకాణం వెనక మూడు గంటలు నిలిపినందుకట.

"జూన్ తొమ్మిదిన నా కారు మెకానిక్ దగ్గరుంది," అంది రొవీనా. "ఇంజను విప్పి నేల మీద పెట్టాడు. రసీదు కూడా ఉంది."

నోరీన్ బల్ల మీద అరచేత్తో కొట్టింది. టీకప్పులు ఎగిరాయి. "ఇంజను లేని కారు వెళ్ళి మూడు గంటలు నిలబడిందా! నీ చిరునామా లాగడానికే ఆ స్నేహితుడు దొంగలెక్క రాశాడు. ఇక వాడి పని అయిపోయింది!"

నిజంగానే అయిపోయింది. పోలీసులు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అడిగేసరికి డెరిక్ స్నేహితుడు అరగంట కూడా నిలవలేదు, అన్నీ ఒప్పుకున్నాడు. డెరిక్ మా వీధి ఛాయలకి కూడా రాకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. వస్తే జైలే. ఆ సాయంత్రం రొవీనా మొట్టమొదటిసారి తన కిటికీ తెరలు తీసి ఉంచింది.

ఇంతైనా స్నోడ్‌గ్రాస్‌కి బుద్ధి రాలేదు. ఎవడో గుమాస్తా చేసినదానికి సంస్థకి సంబంధం లేదన్నాడు. పైపెచ్చు, జరిమానాలు కట్టలేదని నోరీన్ మీద దావా వేశాడు.

కాగితం చేతికి రాగానే నాకు ముచ్చెమటలు పట్టాయి, ఈసారి అసలైనవి. "కట్టేద్దాం నోరీన్. నా గొడుగు అమ్మేస్తాను."

"కట్టడమా?" అంది, కళ్ళు మెరుస్తుంటే. "వాణ్ణి కోర్టుకి ఎలా రప్పించాలా అని నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. వాడే రమ్మని పిలుస్తున్నాడు!"

ఆ మధ్యాహ్నమే తివాచీల దుకాణం యజమాని దగ్గరికి వెళ్ళింది. నేను వెనకాల. ఆయన నోరీన్ చేతిలోని ఉత్తరం చూసి ఆశ్చర్యపోయాడు.

"ముళ్ళపందా? వాళ్ళని మార్చిలోనే పొమ్మన్నానండీ! కొనేవాళ్ళకి కూడా చీటీలు పంపుతుంటే నా వ్యాపారం ఏం కావాలి? కెమెరా విప్పుకెళ్ళమని రెండుసార్లు రాశాను. వినలేదు."

"అది కాగితం మీద రాసిస్తారా?"

"రాసివ్వడమేమిటండీ, నేనే వస్తాను."

బ్రాడ్‌ఫర్డ్ కోర్టులో చిన్న గది. దాన్నిండా మా షిప్లీ జనం. తలా ఒక ముళ్ళపంది ఉత్తరం చేతిలో పట్టుకుని వచ్చారు. నోరీన్ లైబ్రరీలో పిల్లలకి కథలు చెబుతూ వాళ్ళ తల్లులకి ఈ కథ కూడా చెప్పిందట. జడ్జిగారు జలుబు చేసిన చిన్నపాటి ఆవిడ. స్నోడ్‌గ్రాస్ ఊదారంగు టై కట్టుకుని, ఫోటోలు ముందు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఈ ఫోటోలో ఉన్నది ఎవరు?" అంది జడ్జి.

"ప్రతివాది నోరీన్ బాటమ్లీ గారండి. స్పష్టంగా ఉంది."

జడ్జి ఫోటో చూసింది. నోరీన్‌ని చూసింది. ముక్కు తుడుచుకుంది. "ఆవిడకి మీసాలు లేవు."

గది గొల్లుమంది. స్నోడ్‌గ్రాస్ ఫోటోని తిరగేసి మరగేసి చూశాడు, మీసం రాలుతుందేమోనని.

"మీరు ఫోటో చూడకుండానే ఆవిడ చిరునామా తెప్పించుకున్నారన్న మాట," అంది జడ్జి. "కారు నడిపిందెవరు?"

నోరీన్ లేచింది. "అది నేను చెప్పక్కర్లేదని చట్టంలో చదివానండి. కానీ నడిపిన మనిషి తానే చెబుతానంటున్నాడు."

నేను అలా ఎప్పుడూ అనలేదు. కానీ నా పక్కటెముకల మీద ఆవిడ మోచెయ్యి పడింది. లేచాను.

"నేనండీ."

"మీరెవరు?"

"ఆవిడ భర్తనండీ."

జడ్జి కాగితాలు తిరగేసింది. "భర్త మరణించారని ఇక్కడుంది. కంపెనీ సంతాపం కూడా తెలిపింది."

"చిత్తం. అందిందండీ."

వెనక బెంచీల్లో ఎవరో నేల మీదికి జారిపోయారు, నవ్వలేక. నేను మొత్తం చెప్పేశాను. పైలు, బురద, కాలువ నీళ్ళు, ఉత్తరం, సిడ్నీ. చెప్పేకొద్దీ చెవులు కాలిపోయాయి. ఊరంతా విన్నది. డోరా కూడా వచ్చింది, నాకేసి చెయ్యి ఊపింది.

"మీరు చేసింది తప్పు," అంది జడ్జి.

"శిక్ష ఇంట్లో అమలవుతోందండి. క్యాబేజీ."

ఆవిడ పెదవులు బిగించుకుంది. నవ్వో, తుమ్మో తెలీలేదు. తర్వాత తివాచీల యజమాని లేచి మార్చి సంగతి చెప్పాడు. నోరీన్ ఏడుగురి జాబితా చదివింది. రొవీనా కూడా లేచింది. రానక్కర్లేదని నోరీన్ చెప్పినా వినకుండా వచ్చింది ఆ పిల్ల. ఇంజను రసీదు చదువుతున్నప్పుడు ఆమె గొంతు ఒక్కసారే వణికింది. ఆ తర్వాత వణకలేదు.

అప్పటికి గదిలో ఎవరూ నవ్వడం లేదు.

"స్నోడ్‌గ్రాస్ గారూ," అంది జడ్జి, "మార్చి తర్వాత ఆ స్థలంతో మీకే సంబంధమూ లేదు. అక్కడ నిలిపిన ఒక్క కారు యజమాని చిరునామా కూడా అడిగే హక్కు మీకు లేదు. అడిగారు, అమ్మారు, మీ ఆఫీసులోవాడు తన స్నేహితుడి చేతిలో పెట్టాడు. దావా కొట్టేస్తున్నాను. ఈ కాగితాలన్నీ రిజిస్ట్రేషన్ ఆఫీసుకీ, మనుషుల వివరాల రక్షణ చూసే అధికారులకీ పంపిస్తున్నాను. ఇంకేమైనా చెబుతారా?"

స్నోడ్‌గ్రాస్ నోరు తెరిచి, మూసి, నన్ను చూశాడు. "మీరు బతికుండటం సంతోషంగా ఉందండీ," అన్నాడు. ఇక వాడి దగ్గర మిగిలిన మర్యాద అంతే.

చప్పట్లు కోర్టు గుమాస్తా ఆపమన్నా ఆగలేదు. పదిహేను రోజుల్లో ముళ్ళపందికి ఎవరి చిరునామాలూ ఇవ్వకూడదని రిజిస్ట్రేషన్ ఆఫీసు ఆపేసింది. స్తంభం మీది కెమెరాని తివాచీల యజమాని స్వయంగా నిచ్చెనెక్కి విప్పుతుంటే కింద రెండొందల మంది నిలబడి పాటలు పాడారు. మొదటి స్క్రూ రొవీనా చేత తిప్పించారు. నోరీన్‌ని ఇద్దరు మనుషులు భుజాల మీదికి ఎత్తబోతే, "దించండయ్యా, స్కర్టు!" అని అరిచింది గానీ, మొహం వెలిగిపోయింది. నలభై ఏళ్ళలో మా ఆవిడ అంత అందంగా ఉండటం నేను పెళ్ళిలోనే చూశాను.

వారపత్రికలో ఫోటో పడింది. ఆ తర్వాత మా ఇంటికి మళ్ళీ టపా మొదలైంది, ఈసారి మనుషులే టపా. హాలిఫాక్స్ నుంచి, లీడ్స్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు తమ పార్కింగ్ ఉత్తరాలు పట్టుకుని వచ్చేవారు. గురువారం మధ్యాహ్నాలు మా వంటింటి బల్ల చుట్టూ కుర్చీలు చాలేవి కావు. రొవీనా ఫైళ్ళు సర్దేది. నోరీన్ కళ్ళజోడు ముక్కు చివరికి దించి ఒక్కొక్కరి కథా వినేది.

మొన్న గురువారం హడర్స్‌ఫీల్డ్ నుంచి వచ్చిన ఒకావిడ, నేను టీ కెటిల్ పట్టుకుని అటూ ఇటూ తిరగడం గమనించి, గౌరవంగా అడిగింది.

"నోరీన్ గారూ, మీ వారు కూడా ఈ కేసులు చూస్తారా?"

"ఎందుకు చూడరూ?" అంది నోరీన్, తల ఎత్తకుండా రాసుకుంటూ. "కప్పులు ఖాళీ అయ్యాయేమో చూస్తారు."

చూశాను. రెండు ఖాళీగా ఉన్నాయి.